తడి గాలిలో విప్పిన రజాయి

ఈ గల్లీ వాట్సాప్ గ్రూపుతో ఎప్పుడూ ఇదే తంటా. గుడ్ మార్నింగ్ పూలు పెట్టిన చోటే చావు కబురు కూడా పెడతారు.

నిన్న పొద్దున రోజూలాగే గులాబీలకి దండం బొమ్మ నొక్కేశాను.

తర్వాత కింది లైన్ చదివాను. "ఖాజా భాయ్ ఇక లేరు."

ఎదురుగా ఆయన షాపు. షట్టర్ సగమే లేచి ఉంది. మెట్టు మీద చెప్పులు. ఆయనవే.

పొద్దున నమాజ్‌కి లేచాడట. నీళ్లు తాగి కూర్చున్నాడట. అంతే.

గల్లీకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా గల్లీలో పరుపులు, దూది నింపి కప్పుకునే రజాయిలు కుట్టే ఖాజా భాయ్. నేను నల్లా డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌ని. ఆయన దూది, నా నీళ్లు, రెండిటికీ పడదు. మా ఇద్దరికీ మాత్రం ముప్పై ఏళ్లుగా పడింది.

మా ఆవిడ పద్మ చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు.

"యాదన్నా, బట్టలు సదురుకో. పహాడ్ పోతున్నం."

"గుట్ట జూడాల్నంటే మౌలాలి పోదం భాయ్. సిటీ బస్సుంటది."

"మంచు గుట్ట అన్నా. హిమాలయాల్ల. కౌసానీ అని చిన్న ఊరు. మస్తు ప్రశాంతమంట."

"ప్రశాంతమే గావాల్నంటే మా ఇంట్ల కూసో. పుకట్ల దొరుకుతది."

నా జోకులకి ఖాజా భాయ్ కాస్త లేటుగానైనా నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"గందుకే పోతున్నం" అన్నాడు.

రెండు రైళ్లు, ఒక జీపు. జీపులో నా కడుపు సంగతి ఇక్కడ వద్దు, గ్రూపులో ఆడవాళ్లున్నారు.

ఊరు నిజంగానే ప్రశాంతం. ఆటో లేదు, అజాన్ లేదు, రైలు కూత లేదు. నా వాచీ చప్పుడు నాకే వినపడుతుంటే తీసి బాత్రూంలో పెట్టొచ్చాను.

లాడ్జి గదిలో రెండు మంచాలు, రెండు రజాయిలు. మొదటి రాత్రి నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఖాజా భాయ్ గురక పెడుతున్నాడు కదా, నా ఏడుపు ఎవరికీ వినపడదులే అనుకున్నాను.

మర్నాడంతా పొగమంచు. కొండ లేదు, లోయ లేదు. ఇంతదూరం వచ్చి తెల్ల గోడ చూసినట్టుంది. సాయంత్రానికి ఆ మంచు కిటికీలోంచి గదిలోకే వచ్చి కూర్చుంది.

అప్పుడు ఖాజా భాయ్ నా రజాయి పట్టి చూసి మొహం చిట్లించాడు.

"గిదేం రజాయి అన్నా? దూదంత మూలకు వోయింది. నీ మీద వట్టి బట్టనే ఉన్నది."

కాలర్‌లోంచి సూది తీశాడు. నేను వద్దనేలోపే కుట్లు విప్పేశాడు. దూదంతా నా మంచం మీద పరిచి, చేత్తో ఏకుతూ కూర్చున్నాడు. ఎంత ఏకినా అది పొంగలేదు.

"తడి వట్టింది. గిప్పుడు గాదు."

"మరి నేనేం గప్పుకోవాలె? నీ గడ్డమా?"

"నా దాంట్ల రా."

అంతలో లాడ్జి ఓనర్ చాయ్ తెచ్చాడు. మంచం నిండా దూది చూసి గ్లాసులు వదిలేసినంత పని చేశాడు.

"అరే చాచా, యే క్యా కర్ దియా!"

"రిపేరీ, బేటా."

"కిస్‌నే బోలా?"

"రజాయీ నే."

ఎవరు చెయ్యమన్నారంటే, రజాయే చెప్పిందట! ఆ మొహం పెట్టుకుని అలా అంటే ఎవరైనా ఏం తిడతారు?

ఆ రాత్రి యాభై దాటిన ఇద్దరు మగవాళ్లం ఒకే రజాయిలో. నీ మోకాలు పొడుస్తోంది, నీ కాళ్లు ఐసు గడ్డలు, అటు జరుగు అని లొల్లి పెడుతూనే ఉన్నాను. తిడుతూ తిడుతూ నిద్రపోయాను. పద్మ పోయాక తెల్లారేదాకా పడుకోవడం అదే మొదటిసారి.

పొద్దున ఎండ కాసింది. మంచు కొండలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఖాజా భాయ్ దూదిని డాబా మీద ఆరేసి, కర్రతో కొట్టి, కుట్టడానికి కూర్చున్నాడు. కొండలకి వీపు పెట్టి.

"భాయ్, ఒక్కసారి ఎనకకు తిరిగి జూడు."

"నువ్వు జూస్తున్నవ్ గద. ముందు దారం అందియ్యి."

కింద పెట్టిన ఫొటో అదే. వెనక అంత పెద్ద హిమాలయం. ముందు పళ్లతో దారం తెంపుతున్న మా ఖాజా భాయ్.

తిరిగొచ్చాక ఈ కథ గల్లీలో ఎన్నిసార్లు చెప్పానో మీకే తెలుసు. "ఊరందరికీ రజాయిలు కుట్టే ఉస్తాద్, నాది పాడు జేసిండు" అని. ఆయన పక్కనే కూర్చుని నవ్వేవాడు.

నిన్న ఖననం అయ్యాక ఆయన కొడుకు ఇమ్రాన్‌తో షాపులో కూర్చున్నాను. పిల్లవాడి మొహం చూడలేక, నవ్విద్దామని మళ్లీ అదే కథ ఎత్తుకున్నాను.

ఇమ్రాన్ నవ్వలేదు.

"చాచా, ముసురు వడితె అబ్బా దూది ముట్టడు. మమ్మల్ని గూడ ముట్టనియ్యడు. తడి గాలిల విప్పితె పొంగదని మాకు ఫస్టు నేర్పిందే అది."

పొంగదని తెలిసే విప్పాడన్నమాట.

అంటే మొదటి రాత్రి ఆయన నిద్రపోలేదు. ఆ గురక కూడా నా కోసమే.

నన్ను ఒక్కణ్ణే పడుకోనివ్వకూడదని, తన పనితనం మీద మచ్చ వేసుకున్నాడు. గల్లీ అంతా నవ్వినా ఒక్క ముక్క బయటపెట్టలేదు.

ఇప్పుడు తెలిసింది భాయ్. ఎవరికి చెప్పాలి?

నీకు ఆ అల్లా మంచి చోటు చూపించాలి. నిమ్మళంగా పడుకో. నీకు శాంతి దొరకాలి. నా సంగతంటావా, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక ఇక నేను ఎవరి షాపు మెట్టు మీద కూర్చుని...

ఆగండి, ఇమ్రాన్ పిలుస్తున్నాడు. "చాచా, ఖిచిడీ అయ్యిందా? అమ్మీ పొద్దట్నించి ఏం తినలే." మూడు రోజులు వాళ్లింట్లో పొయ్యి వెలగదు, ఈ పూట వంట నాది.

వస్తున్న బిడ్డా, ఉప్పు ఒక్కటి జూసి...