పక్క బోటు లైటు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను ఒక గెలాక్సీకి ఉపగ్రహం తీసిన ఎక్స్‌రే చిత్రాలు చూస్తున్నాను. దాని నడుమ ఉన్న కృష్ణబిలం దగ్గర వెలుగు ఉన్నట్టుండి ఆరు రెట్లు పెరిగిందని నిన్న లెక్క తేల్చాను. మా సార్ ఈ ఉదయం ఆ సంగతిని నా పేరుతోనే దేశదేశాల పరిశీలకులకు మెయిల్ చేశారు. ఇక వాళ్ళు తమ టెలిస్కోపులు అటు తిప్పుతారు.

మధ్యాహ్నం తెనాలిలో రేపల్లె రైలెక్కాక కూడా ఫోన్లో ఆ మెయిల్‌నే మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంటున్నాను. ఎదుటి సీటులో, ఖాళీ చేపల బుట్టతో నిజాంపట్నం తిరిగి వెళ్తున్న పెద్దావిడ అది గమనించింది.

"ఏంటమ్మా, రిజల్టా?"

"అలాంటిదేనండి. దూరంగా ఒక వెలుగు పెరిగిందని చెప్పాను. అందరూ నమ్మేశారు."

"మా ఆయనా ఓసారి అంతే. మంచులో లైటు చూసి హార్బరొచ్చేసిందన్నాడు. తీరా అది పక్క బోటు లైటు. ఊళ్ళో ఇప్పటికీ హార్బరు మావ అనే పిలుస్తారు."

ఆవిడ నవ్వింది. నాకప్పుడు గుర్తొచ్చింది. వెలుగు కొలవడానికి గెలాక్సీ చుట్టూ నేను గీసిన వలయంలో, ఒక అంచున, ఇంకో చిన్న చుక్క ఉంది. పెరిగిన వెలుగు దానిదేమోనని నేను చూడనే లేదు.

తప్పును ఎవరూ పట్టుకోకముందే వెళ్ళి చెప్పాలని కాన్వెంటులో సిస్టర్ నేర్పారు. రేపల్లెలో దిగి సార్‌కి ఫోన్ చేశాను. వలయంలో ఇంకో చుక్క ఉందని చెప్పాను.

"ఎనిమిదిలోగా చూసి చెప్పమ్మా" అన్నారు.

ఇప్పుడు ఏడైంది. ల్యాప్‌టాప్ తెరిచే ధైర్యం లేక ఇది రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి పేరు పడి ఉంటే చెప్పండి, ఎన్నాళ్ళకు అలవాటవుతుందో.