బొడ్డమ్మ అడిగిన తేదీ

హరిబాబు టెక్కలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. తొమ్మిదో తరగతికి ఏటా చక్రవడ్డీ పాఠం చెప్పేవాడు. అలాంటివాడు 2005లో క్రెడిట్ కార్డు తీసుకుని ఫ్రిజ్జూ, కలర్ టీవీ కొని, నెలనెలా బ్యాంకు అడిగిన కనీస మొత్తం మాత్రమే కడుతూ, మళ్లీ వాడుతూ ఏడాది గడిపేశాడు.

మేనత్త బొడ్డమ్మ భావనపాడు నుంచి గురువారం గురువారం ఎండుచేపల గంపతో టెక్కలి వచ్చేది. మొగుడు వేటకెళ్లి సముద్రంలో పోయినప్పుడు ఆమెకి ముప్ఫై ఏళ్లు. వలల షావుకారుకి మొగుడు పడిన బాకీ ఎవరూ అడగలేదు. ఆమే వెళ్లి తీరుస్తానని చెప్పింది. బస్సు చార్జీ మిగులుతుందని నడిచి వచ్చి అమ్మింది. ఆరేళ్లకి తీర్చింది. ఆమెకి అక్షరం ముక్క రాదు.

ఆ గురువారం హరిబాబు మొహం చూసి, అతని చేతిలోని కార్డు బిల్లు చదవమంది. అతను చదివాడు. ఆమె కళ్లు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెట్టింది.

"నూటికి నెలకి మూడు రూపాయలు! అల్లుడా, నువ్వు కట్టిందాన్లో సగానికి పైగా, నెలకి పదకొండు వందలు, వడ్డీకే పోనాది. మా షావుకారు రెండే తీసుకునీవోడు."

హరిబాబు ఉలిక్కిపడ్డాడు. ఆ లెక్కకి తనకి రాత్రంతా పట్టింది.

"నీకు తక్కువ వడ్డీకి ఎక్కడా పుట్టదేటి?"

"పీఎఫ్ లోను ఉంది. అడిగితే స్టాఫురూమంతా తెలిసిపోద్ది అత్తా."

"అయితే నెలకి పదకొండు వందలు సిగ్గుకి కడతన్నావన్నమాట."

మర్నాడే అప్లికేషన్ పెట్టాడు. లోను రాగానే కార్డు బాకీ మొత్తం తీరిపోయింది. కార్డు ముక్కలు చేయబోతే బొడ్డమ్మే ఆపింది.

"గడువులోగా మొత్తం కట్టేత్తే వడ్డీ లేదన్నావు కదా? బిల్లు రాసీ రోజేది?"

"ఇరవై రెండు."

"కట్టాల్సింది?"

"పై నెల పది."

ఆమె మళ్లీ కణుపులు పట్టింది. ఏప్రిల్ నడిమి నుంచి మే ఆఖరు దాకా వేట నిషేధం. కొడుకు పైడిరాజు పడవ ఇంజను ఆ రోజుల్లోనే బాగుచేయించుకోవాలి, చేతిలో డబ్బుండదు.

"ఇంజను సామాను నీ కార్డు మీద మే ఇరవై మూడున కొను అల్లుడా. బిల్లు జూన్ ఇరవై రెండుకొత్తాది, జూలై పది దాకా గడువు. ఒకటో తారీఖున పడవలు దిగితే, నెల తిరక్కుండా డబ్బు నీ సేతిలో పెడతాను."

నలభై ఎనిమిది రోజులు! ఇంగ్లీషులో అచ్చేసిన నిబంధనల కాగితం ఏడాదిగా బీరువాలో ఉన్నా అతనికి తట్టనిది, చదువు రాని అత్త మూడు ప్రశ్నలతో పట్టేసింది. ఇదే బుర్ర బడికి వెళ్లి ఉంటే తను ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడేమో అనుకున్నాడు.

విశాఖ వెళ్లి ఇరవై మూడునే కొన్నాడు, తొమ్మిది వేల రెండు వందలు. జూన్ ఇరవై ఎనిమిదిన బొడ్డమ్మ కొంగుముడి విప్పింది. చేపల వాసన వేసే పదులూ, యాభైలూ. ఒక్క రూపాయి తగ్గలేదు. గడువులోగా హరిబాబు బ్యాంకుకి మొత్తం కట్టేశాడు.

తర్వాతి నెల బిల్లు రాగానే కబురంపాడు. ఆమె అరుగు మీద కూర్చుంది.

"వడ్డీ ఎంతేశాడో సదువు."

"సున్నా అత్తా."

"ఇంకోసారి సదువు, ఇందుమతిని కూడా పిలు. మీ ఆవిడా ఇనాలి," అంది బొడ్డమ్మ.