పక్షికి దండం పెట్టే దేశం

నా చిన్నప్పటి మాట. ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద పిల్లలమంతా పడీ పడీ నవ్వుతుంటే, పక్కనే బీడీలు చుడుతున్న మా అవ్వ చాట కింద పెట్టింది. "ఎందుకు నవ్వుతుండ్రు? గది మన ఇంటి ముచ్చటే గదా" అంది. మా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

పక్కింటి అక్క పట్నంలో జపాను భాష చదివి, ఎండాకాలం సెలవుల్లో మాకు కథలతో నేర్పేది. ముందు జపాను వాక్యం చదివి మాతో పలికించి, తర్వాత తెలుగులో విప్పి చెప్పేది. ఒక కథలో, దహనం అయ్యాక అన్నాచెల్లెళ్లు తల్లి ఎముకలను పొడవాటి పుల్లలతో ఏరుతారు. ఇద్దరూ కలిసి ఒకే ఎముకను పట్టి కుండలో వేస్తారు. కాళ్లవి ముందు, తలవి చివర. జపాను వాళ్లు అన్నం తినే పుల్లల వంటివాటితో ఎముకలా అని మేం బిత్తరపోయాం. ఇంట్లో చెబితే అవ్వ మండిపడింది. తాతయ్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "దయ్యాల సదువు. రేపటి సంది పోకు" అంది. కథ సగంలోనే ఉండిపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

మరునాడు అక్కే మా అరుగు మీదికి వచ్చింది.

"అవ్వా, ఇంకొక్క కథ చెప్పి పోత. నచ్చకుంటే బంద్ పెడ్త."

"చెప్పు. నీ నోరు ఊకుంటదా" అంది అవ్వ.

అక్క ఎప్పటిలాగే ముందు జపానులో చదివి, తర్వాత తెలుగులో చెప్పింది. ఒక దేశంలో మనిషి చనిపోతే మూడోనాడు అతనికి ఇష్టమైన మాంసం, చెట్టు నుంచి తీసిన మత్తు పానీయం ఆకులో పెట్టి దూరంగా నిలబడతారట. పక్షి వచ్చి తినేదాకా ఎవరూ మెతుకు ముట్టరట. అది రాకపోతే పెద్దవాళ్లు చేతులు జోడించి, నీ చిన్నబిడ్డ పెళ్లి మేం చేస్తామని పక్షికి మాట ఇస్తారట. మేం నవ్వింది అప్పుడే.

అది మా ఆచారమేనని అవ్వ అన్నాక గాని నాకు తట్టలేదు. తాతయ్యకు పిట్టకు పెట్టిన రోజు, ఆ ఆకుకు దూరంగా ఆకలితో నేనూ నిలబడ్డాను. అదే సంగతి పరాయి భాషలోంచి తిరిగివస్తే పోల్చుకోలేకపోయాను.

అక్క వైపు తిరిగి అవ్వ, "ఆ ఎముకలు ఏరే పోరలు ఏడుస్తరా బిడ్డా?" అని అడిగింది.

"కథల గది రాయలే అవ్వా."

"గట్లనా. మిగిలింది గూడ చెప్పు పిల్లలకు" అని చాట ఒళ్లోకి తీసుకుంది.

ఎవరి ఆచారమైనా వింతగా తోచినప్పుడు, మా ఇంటి ఆచారం వాళ్లకు ఎలా వినిపిస్తుందోనని ఒక్క క్షణం ఆగడం నాకు ఆనాటి నుంచే అలవాటైంది. ఇప్పుడు నా మనుమరాలు జపానుకు నర్సుగా వెళ్లడానికి కామారెడ్డిలో ఆ భాష నేర్చుకుంటోంది. ఎముకలు ఏరేటప్పుడు వాళ్లు ఏడుస్తారా అని, అవ్వ అడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగాను. వాళ్ల పుస్తకంలో పలకరింపులు, ఆస్పత్రి మాటలు ఉన్నాయి గాని, చావు గురించి పాఠం లేదట.