లోపలికి పంపని మనిషి

ఏడేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది నేను అన్న మాటే. మీరెవరో నాకు తెలియదు, నన్ను మీరూ ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఇప్పటికీ నాకు నోరు పెగలదు.

మెదక్‌లో ఒక లేడీ డాక్టర్ దగ్గర నర్సుగా చేస్తున్నాను. చిన్న క్లినిక్. బయట బెంచీలు, నా బల్ల, లోపల మేడం గది. ఎవరొచ్చినా ముందు నా దగ్గరికే వస్తారు. పేరు రాసి, బీపీ చూసి లోపలికి పంపడం నా పని. శంకరంపేట నుంచో కుల్చారం నుంచో బస్సు దిగి వచ్చే ఆడవాళ్లు మేడంకు చెప్పలేనివి కూడా నాకు చెప్పుకునేవారు. నన్ను నమ్మేవారు.

ముందు నా సంగతి చెప్పాలి. నా భర్త రెండేళ్లు వేరే ఊళ్లో ఇంకో ఆమెతో ఉండి తిరిగొచ్చాడు. ఎందుకు రానిచ్చానో అడగకండి. ఇంట్లో రెండో మనిషి చప్పుడు కోసమేమో. అప్పుడు నాకు నలభై. రానిచ్చాక, అతని నుంచి నాకేదైనా అంటుకుంటుందేమోనని భయం పట్టుకుంది. ఒకరోజు పేషెంట్లందరూ వెళ్లాక, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా నా వయసులో వేసుకోవచ్చా అని మేడంను అడిగాను. ఆమె కారణం అడగలేదు. చిన్న వయసులో వేస్తేనే అది బాగా పనిచేస్తుందని, నాకు లాభం తక్కువే కావచ్చని, ఇప్పటికే వైరస్ సోకి ఉంటే దాన్ని పోగొట్టదని, అయినా నలభై అయిదు లోపు వాళ్లు డాక్టరుతో మాట్లాడి వేసుకోవచ్చని చెప్పింది. టీకా వేసుకున్నా, మానుకున్నా, గర్భసంచి ముఖద్వారం పరీక్ష మాత్రం తప్పొద్దంది. పరీక్ష చేసింది. ఆరు నెలల్లో మూడు సూదులు వేసింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మూడో సూది వేసుకున్న నెలలోనే మంజుల వచ్చింది.

మంజుల మా వీధి చివర జాకెట్లు కుట్టేది. భర్త పోయి నాలుగేళ్లు. ఏడేళ్ల కూతురు. ఆ రోజు బెంచీలన్నీ నిండి ఉన్నాయి. కూర్చున్నవాళ్లలో మా వీధి ఆడవాళ్లు ఇద్దరు. ఆమె నా బల్ల మీదికి వంగి, నాకొక్కదానికే వినబడేలా అడిగింది.

“అక్కా, జర ఒక ముచ్చట అడగాలె. గా క్యాన్సర్ రాకుండ సూది ఏస్తరట గదా. నా వయసోళ్లకు గూడ ఏస్తరా? నాకు ముప్పై తొమ్మిది.”

నేను మెల్లగా జవాబు చెప్పలేదు.

“గది పెండ్లిగాని పిల్లలకేసే సూది మంజులా. మొగుడు లేనిదానివి, గీ వయసుల నీకెందుకే గది? ఎవల కోసం?”

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మంజుల కొంగు భుజాల చుట్టూ లాక్కుంది.

“ఏం లేదక్కా. ఊకెనే అడిగిన.”

వెళ్లిపోయింది. లోపలి నుంచి మేడం, “ఎవరొచ్చిండ్రు?” అని అడిగింది.

“ఎవ్వల్లేరు మేడం” అన్నాను.

ఎందుకలా అన్నాను? పని ఒత్తిడి అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె అడిగిన ప్రశ్న నేను అడిగిందే. ఆమె అక్కడ వంగి నిలబడి గుసగుసగా అడుగుతుంటే నన్నే అందరి ముందూ నిలబెట్టినట్టు అనిపించింది. ఆమెను దూరంగా తోసేస్తే, అలాంటి సూది అవసరమైన ఆడదాన్ని నేను కాదని బెంచీల మీద వాళ్లు అనుకుంటారని నాలో ఏదో లెక్క వేసుకుంది. వాళ్లెవరూ నన్ను అనుమానించనే లేదు. అయినా అన్నాను.

ఆ మాట సాయంత్రానికల్లా వీధికెక్కింది. చేగుంటలో ఒకాయన ఆమెను పెళ్లి చేసుకుంటానని అడిగాడట. అతని మొదటి భార్య చనిపోయింది. మళ్లీ కాపురం మొదలయ్యే ముందు జాగ్రత్తపడదామనే మంజుల అడగడానికి వచ్చింది. అది నాకు తర్వాత తెలిసింది. వీధిలో నవ్వులు విని ఆ సంబంధం ఆమే వద్దనుకుంది. ఆ తర్వాత ఏ దవాఖాన మెట్టూ ఎక్కలేదు. నేను ఎదురైతే మాత్రం “బాగున్నవా అక్కా” అనేది. ఒకసారి ఇంటికి వెళ్లి, పరీక్ష ఒకటి ఉంది చేయించుకో అని చెబితే సరిపోయేది. వంద అడుగుల దూరం. వెళ్లలేదు.

నాలుగేళ్లకు ఆమె రక్తస్రావంతో వచ్చింది. అది ఏడాదిగా ఉందట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. అప్పటికే క్యాన్సర్ ముదిరింది. వైద్యానికి హైదరాబాద్‌కు ప్రతిసారీ నేనే తోడు వెళ్లాను. సొంత అక్క కూడా ఇంత చేయదని వీధి మెచ్చుకుంది. మంజుల కూడా నా చేయి పట్టుకుని అదే అంది. ఆ మెచ్చుకోలు కంటే చెంపదెబ్బ నయం. ఆ రోజు సంగతి ఆమె ఎత్తుతుందేమోనని ప్రతి ప్రయాణంలోనూ ఎదురుచూశాను. ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఏడాదిన్నరకు పోయింది.

నా భర్త మళ్లీ వెళ్లిపోయాడు. ఆదివారాలు కిరాయి ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఎవరూ ఫోన్ చేయరు. క్లినిక్‌లో మాత్రం వయసు దాటినవాళ్లు ఎవరు ఆ టీకా గురించి అడిగినా ఇప్పుడు మేడం దగ్గరికే పంపుతాను. దాంతో ఏదో సరిపోతుందని కాదు.

పోయిన నెల మంజుల కూతుర్ని వాళ్ల అమ్మమ్మ టీకాకు తీసుకొచ్చింది. పద్నాలుగేళ్లు. సూది నేనే వేశాను. పిల్ల దూదిని చేతికి అదుముకుని అడిగింది.

“ఆంటీ, మా అమ్మ గిది ఏసుకుంటె బతికేదా?”

“తెల్వదు బిడ్డా” అన్నాను.

అది నిజమే. ఆ వయసులో టీకా కాపాడేదో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రోజు లోపలికి పంపి ఉంటే మేడం ఆమెకు పరీక్ష చేసేది, తర్వాత కూడా రమ్మనేది. ఆ సగం నేను చెప్పలేదు. పిల్ల చిన్నది అనుకున్నాను. అదీ సాకేనా? పెద్దదయ్యాక చెబుతానా? మాటివ్వలేను. నన్ను నేను ఎరుగుదును.

క్షమించమని రాయలేదు. క్షమించగల మనిషి లేదు. ఇంకొకరికి తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె పేరునూ నేను చేసిన పనినీ ఒక్కచోట పెట్టి రాస్తున్నాను: మంజుల వచ్చింది, నేను ఆమెను లోపలికి పంపలేదు.

ఈ వాక్యం కొట్టేయను.