ఆకుపచ్చలో అర మెట్టు

మా ఇంట్లో ప్రింటర్‌ని తిట్టినన్ని తిట్లు నేను మా ఆయన్ని కూడా తిట్టలేదు. అర్హత మాత్రం ఇద్దరికీ సమానమే. ఆయన రోజూ పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి గోడమీది స్విచ్చులన్నీ ఆపేస్తారు. ఉరుములొస్తే సామాన్లు కాలిపోతాయని భయం. ప్రింటర్‌ని దాని బటన్ నొక్కి ఆపితే రంగు చిమ్మే తల తన గూటిలోకి వెళ్ళి మూత పెట్టుకుంటుంది. పని మధ్యలో గోడ దగ్గర ఆపేస్తే ఎక్కడిది అక్కడే నోరు తెరుచుకుని ఎండిపోతుంది. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "మర్చిపోయానోయ్" అంటారు. స్విచ్చులు ఆపడం మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదు.

నేను వట్లూరులో ఒక ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇల్లు ఏలూరులో. సెలవురోజున కొల్లేటికి వెళ్ళి పిట్టల ఫొటోలు తీసుకోవడం, వాటిని ఇంట్లోనే ఆరు రంగుల ప్రింటర్ మీద వేసుకోవడం నా అలవాటు. అలవాటు అన్నది నా మాట. మా మరిది మాట వేరు. చుట్టాల్లో ఎవరింట్లో నలుగురు చేరినా, "మా వదినగారికి బొమ్మల మిషనుందండీ. పుట్టినరోజు కార్డులేవైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి" అని ప్రకటించేవాడు. మా వైపు ఎదుటి మనిషిని ఎంత తీసిపారేసినా చివర అండీ తగిలిస్తారు. తేనె పూసిన కత్తి. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ పళ్ళు బయటపెట్టేదాన్ని. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ప్రింటర్ పుట్టుకతోనే అబద్ధాలకోరు. మీరు అడిగిన రంగు వెయ్యదు, తనకు తోచింది వేస్తుంది. కాగితం మారితే అబద్ధం మారుతుంది, ఇంకు సీసా మారితే మళ్ళీ మారుతుంది. అందుకని కొన్ని వందల రంగుగళ్ళు అచ్చువేసి, ఒకరోజు ఆరనిచ్చి, స్కానర్ కింద పెట్టి, అడిగిందెంత, వేసిందెంత అని కొలవాలి. ఆ తేడాల పట్టికనే ప్రొఫైల్ అంటారు. ఆ పట్టిక ఒకే ప్రింటర్‌కి, ఒకే ఇంకుకి, ఒకే కాగితానికి పనికొస్తుంది. వాటిలో ఏది మారినా మళ్ళీ మొదటికే. ఇదంతా ఒకసారి మా మరిదికి చెప్పబోతే మధ్యలో ఆవులించాడు.

అలాంటి మనిషి ఒక వానాకాలం ఉదయాన ఆకివీడు నుంచి బస్సెక్కి మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అక్కడ రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకి చేస్తున్నాడు. ముందు పంట వైరస్‌కి పోయింది. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి ఎవరి దగ్గరో జీతానికి చేరాల్సిందే. ఆ సంగతి అతను చెప్పకపోయినా మాకందరికీ తెలుసు.

చెరువులో మేత, మురికి కుళ్ళి అమోనియా పుడుతుంది. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేస్తే రంగు మారుతుంది. లేత పసుపైతే భయం లేదు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రమాదం. ఆ రంగుని కిట్టుతో వచ్చే కార్డుమీది గళ్ళతో పోల్చి, మేత ఆపాలో, నీళ్ళు మార్చాలో తేల్చుకుంటారు. అతని కార్డు వానలో నాని ముద్దయింది. కొత్త కిట్టు రావడానికి వారం పడుతుందన్నారట. పక్క చెరువాయన కార్డు రెండ్రోజులకని అడిగి తెచ్చాడు.

"వదినగారూ, దీన్ని ఉన్నదున్నట్టు దింపగలరా అండీ? జిరాక్సు షాపులో తీయిస్తే అంతా గడ్డిరంగే వచ్చింది" అన్నాడు.

"పుట్టినరోజు కార్డు కాదుగా ఇది" అన్నాను.

"ఎందుకండీ ఇప్పుడవన్నీ" అని తల దించుకున్నాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ తల దించుకోవడం చూసి నాకు కడుపు నిండింది.

తీరా ప్రింటర్ పెడితే పసుపు రాలేదు. ముందురోజు రాత్రి అది తన తలని శుభ్రం చేసుకుంటుంటే మా ఆయన గోడ దగ్గర ఆపేశారు. పసుపు లేకుండా ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి తేను? ఆ పొద్దున మా ఇంట్లో జరిగిన సంభాషణ రాయను. కాలేజీకి సెలవు పెట్టి, సిరంజితో గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ ఒక్కో చుక్కా ఎక్కిస్తూ, గుడ్డతో అద్దుతూ కూర్చున్నాను. సాయంత్రానికి పరీక్ష కాగితం మీద పసుపు గీతలు పూర్తిగా వచ్చాయి. కార్డు మీది ఒక్కో గడికీ దగ్గరగా ఉండే పసుపులూ ఆకుపచ్చలూ వరసగా వేసి, ఆరనిచ్చి, మర్నాడు ట్యూబులైటు ఆపి కిటికీ వెలుతురులో ఒక్కొక్కటీ అసలు గడి పక్కన పెట్టి చూశాను. చివరికి మెరుపులేని మంచి కాగితం మీద కార్డు వేశాను. రెండూ పక్కపక్కన పెడితే ఏది అసలో నాకే తెలియలేదు. ఏ పిట్ట ఫొటో వేసినప్పుడూ అంత గర్వపడలేదు.

ఆ ఆదివారం తాడేపల్లిగూడెంలో ఒక గృహప్రవేశంలో మళ్ళీ కలిశాం. భోజనాల దగ్గర అందరిముందూ మరిది జేబులోంచి కార్డు తీశాడు. తళతళా మెరుస్తోంది. ల్యామినేషన్ చేయించాడు. విలువైన కాగితం చేతికొస్తే మావాళ్ళకి చెయ్యి ఊరుకోదు. మార్కుల లిస్టయినా, దేవుడి పటమైనా, మందుల చీటీ అయినా ప్లాస్టిక్ తొడగాల్సిందే. పైగా చెరువుగట్టున తడవకుండా ఉంటుంది కదా అని అతని లెక్క.

"కంపెనీ కార్డు దీని ముందు దిగదుడుపండీ. మా వదినగారి చెయ్యి అలాంటిది. ఇన్నాళ్ళూ నేను తెలియక వేళాకోళం చేశాను" అన్నాడు, అందరూ వినేలా. కార్డు నా చేతికిచ్చాడు.

చూశాను. చూడగానే తెలిసిపోయింది. మెరుపులేని కాగితం మీద ప్లాస్టిక్ పడితే రంగు ముదురుతుంది. ప్రతి గడీ అర మెట్టు ముదిరింది. అంటే గొట్టంలో నీళ్ళు ప్రమాదం దాకా పచ్చబడినా ఈ కార్డుతో పోలిస్తే ఇంకా ఫరవాలేదనిపిస్తుంది. తప్పు లేత వైపైతే ఉత్తి భయంతో పోయేది, ముదిరిన వైపే అయింది. "ఇది పనికిరాదు, ఇంకోటి వేసిస్తాను" అంటే సరిపోయేది. కానీ నలుగురూ నా వంకే చూస్తున్నారు, మొదటిసారి మెచ్చుకోలుగా. వారంలో కొత్త కిట్టు వస్తుంది, దాంతో కార్డూ వస్తుంది, నాలుగు రోజులకేమవుతుందిలే అనుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాను. పులిహోర బాగుందన్నాను.

కిట్టు వచ్చింది. కార్డూ వచ్చింది. కానీ తడిసే కార్డుని ఇంట్లో దాచి, తడవని నా కార్డునే గట్టు మీద వాడుకున్నాడు. మూడు వారాలు తిరక్కుండానే ఒక తెల్లారి ఫోనొచ్చింది. రొయ్యలు చచ్చి గట్టుకి కొట్టుకొచ్చాయి. మేము వెళ్ళేసరికి వలలతో ఎత్తి పోస్తున్నారు. ఆ వాసన చీరకి పట్టి మూడుసార్లు ఉతికినా పోలేదు. మరిది రొయ్యపిల్లలమ్మినవాణ్ణి తిట్టాడు, మేత వాణ్ణి తిట్టాడు, మబ్బుని తిట్టాడు. నేనూ గొంతు కలిపాను. అతనికంటే నా తిట్లే గట్టిగా వినిపించాయి.

చెరువు వదిలేశాడు. పక్క చెరువాయన దగ్గరే జీతానికి కుదిరాడు. నెల తరవాత మా ఇంటికొచ్చి, "వదినగారూ, మా ఓనరుగారు ఆ కార్డు చూసి ముచ్చటపడ్డారండీ. ఇంకో నాలుగు వేసిపెడతారా?" అన్నాడు.

ఇక దాచడం నా వల్ల కాలేదు. ప్లాస్టిక్ సంగతి, అర మెట్టు సంగతి, గృహప్రవేశం రోజే నాకు తెలిసిన సంగతి, అన్నీ చెప్పేశాను. "కాగితం మీద ఏమీ తొడగకూడదని నాకు ముందే చెప్పాలనిపించలేదు, చెబితే నువ్వు మళ్ళీ ఆవులిస్తావని" అని కూడా అన్నాను. చివరికి ఆ తప్పులో కూడా అతనికి వాటా పెట్టబోయాను. అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే తిరిగి అరవడం నాకొచ్చు.

అతను అరవలేదు.

"ముదురుగానే కనబడిందండీ నాకు. ల్యామినేషన్ షాపులోంచి బయటికి రాగానే అనుమానమొచ్చింది. మిమ్మల్ని అడిగితే మీ పనికి వంక పెట్టినట్టుంటుందని అడగలేదు. అందుకే గూడెంలో పనిగట్టుకుని మీ చేతికిచ్చాను. మీరు తిప్పి తిప్పి చూసి ఏమీ అనలేదు. వదినగారు చూశారు కదా, ఇంకేం భయం లేదనుకున్నాను."