ఎడమ మూల సున్నం

పొద్దున్నే మైదానం మీద మంచు మోకాళ్ల దాకా ఉండేది. పరదేశి పురికొస కట్టి, దాని వెంట చిల్లుల డబ్బా ఊపుకుంటూ నడిస్తే, సున్నపు గీత అతని వెనక పుట్టి నాలుగడుగుల్లో మంచులో కలిసిపోయేది. ఎక్కడినుంచి బయల్దేరాడో అతనికే కనబడేది కాదు. రాయపూర్ రైల్వే కాలనీ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇరవై రెండేళ్లుగా గీతలు గీస్తున్నది అతనే. మిగతా రోజుల్లో వ్యాగన్ల షాపులో ఫిట్టరు. ఒక్క మ్యాచ్ కూడా ఆడి ఎరగడు.

రెండు వేల పన్నెండు డిసెంబరులో కోచ్ చెప్పాపెట్టకుండా భిలాయిలో ఇంకో జట్టుకి వెళ్లిపోయాడు. సీజనులో ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి, రెండూ సొంత మైదానంలోనే. ఒక్కటైనా గెలవకపోతే జట్టు ఫస్ట్ డివిజన్ నుంచి కిందికి పోతుంది. శ్రీకాకుళం నుంచి పనికి వచ్చిన తాతలు పెట్టిన ఆ క్లబ్బు ఇంతవరకూ కిందికి పోలేదు.

పట్టాల మీంచి తీసేసిన పాత గార్డు పెట్టెనే క్లబ్బు గదిగా వాడుకునేవారు. అందులో కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు అప్పారావు దేవేంద్ర నగర్‌లో ఉండే ప్రేమ్‌చంద్‌ని పిలుద్దామన్నాడు. కెప్టెన్ ఉమేష్ పరదేశి పేరు చెప్పాడు.

"నీకేటి పిచ్చా? పరదేశి బాల్ తన్నగా ఎవులైనా సూసినారేటి?" అన్నాడు అప్పారావు.

"మనం తన్నగా పరదేశి మావ సూసినాడు పెదనాన్నా. ఇరవై రెండేళ్లు."

"ప్రేమ్‌చంద్ మూడు టీములకి కోచ్."

"మూడూ డూబ్ గయీ, ములిగిపోనాయి కదా. ఇప్పుడు నాలుగోది కావాలేటి?"

అప్పుడే పరదేశి డబ్బా లోపల పెట్టడానికి మెట్టెక్కాడు. అప్పారావు అతన్నే అడిగాడు. "నువ్వు సెప్పరా. మన టీముకి ఏటయింది?"

"ఎడం మూల సున్నం సెరగడం నేదు బావా."

పరదేశి డబ్బా కింద పెట్టి మెల్లగా చెప్పాడు. "మ్యాచ్ అయినాక గీతలు సూస్తాను. కుడి మూల బూట్ల కింద పడి అరిగిపోతాది. మన ఎడం మూల పొద్దున్న గీసినట్టే ఉంటాది. హాఫ్‌టైముకి పక్కలు మారినా అంతే. మూడేళ్లయింది, అటేపు ఎవులూ పోవడం నేదు."

బయట షంటింగ్ ఇంజను కూత వేసి ఆగింది.

"సరే, రెండు మ్యాచ్‌లే కదా," అన్నాడు అప్పారావు చివరికి. "కానీ కోచ్ అన్నోడు సున్నం డబ్బా మొయ్యకూడదు. అవతలోళ్లు నవ్వుతారు."

మొదటి మ్యాచ్‌కి గీతలు చౌకీదారు గీశాడు. పరదేశి పండరీ బజారులో కొన్న కొత్త చొక్కా వేసుకుని ఇనప కుర్చీలో కూర్చున్నాడు. మైదానం వేరేవాళ్ల ఇల్లులా ఉంది. అందరితోపాటు అతనూ బంతి వెంటే చూశాడు. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

"గ్రౌండు కనబళ్లేదే," అన్నాడు ఇంట్లో భార్య కోటమ్మతో. "అందరికీ కనబడినట్టే కనబడింది."

"డబ్బా ఏదీ?"

"అప్పారావు బావ వద్దన్నాడు."

"అన్నయ్య వద్దంటే కళ్లు కూడా తీసి ఇచ్చీసినావేటి?" అంది కోటమ్మ, అన్నం వడ్డిస్తూ.

మరుసటి ఆదివారం, రెండో మ్యాచ్ రోజు, వెలుగు రాకముందే అతను డబ్బా తీశాడు. కిందటి వారం గీతలు మంచు కింద పలచగా ఉన్నాయి. వాటి మీదే నడిచాడు. ఎడమ పక్క గీత మీద, మూల జెండాకి ఇరవై అడుగుల ఇవతల, రెండు అరచేతులంత మేర సున్నం చెదిరి ఉంది. ఎవరో ప్రతిసారీ అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగారు. ఆ అవతల గడ్డి ఒత్తుగా, తడిగా, ఎవరూ లేపని మనిషిలా పడుకుని ఉంది. పరదేశి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ గడ్డి మీద ఎవరో పరిగెడుతున్నట్టు, అడుగుల చప్పుడు కూడా వినబడుతున్నట్టు అనిపించింది.

ఎడమ పక్క ఆడే తరుణ్ రాగానే ఆ చోటు చూపించాడు.

"ఇక్కడ ఆగిపోతన్నావేటి రా?"

తరుణ్ ఆ మరక మీద బూటు పెట్టి చూశాడు. "ఇక్కణ్నించి ముందుకి నాకు బాల్ ఎప్పుడూ రానేదు మావా. తిరిగిపోడం అలవాటయిపోనాది."

"ఈ రోజు వొస్తాది. ఉమేష్‌కి సెప్తాను. నువ్వు జెండా దాకా ఎల్లు."

అప్పారావు వచ్చి, పరదేశి మోచేతుల దాకా అంటిన సున్నం చూశాడు. వెళ్లి కోచ్ ఇనప కుర్చీలో తనే కూర్చున్నాడు.

మొదటి సగం తరుణ్ అక్కడే ఆగిపోయాడు, నాలుగుసార్లు. రెండో సగంలో ఒకసారి ఆగలేదు. పరదేశి బంతిని వదిలేసి గీతనే చూస్తూ ఉండిపోయాడు. మూల దగ్గర తెల్లటి దుమ్ము లేచి, ఎండలో కాసేపు నిలిచింది.

అప్పారావు భుజం పట్టి కుదిపాడు. "తరుణ్ ఇచ్చిన బాల్‌తో ఉమేష్ గోల్ కొట్టినాడు రా. సూసినావా?"

"నేదు బావా," అన్నాడు పరదేశి.

ఆ ఒక్క గోలుతోనే మ్యాచ్ గెలిచి, జట్టు ఫస్ట్ డివిజన్‌లో నిలిచింది. గార్డు పెట్టె మెట్ల మీద తరుణ్ బూట్లు విప్పుకుంటుంటే, అప్పారావు పరదేశి పక్కన వచ్చి నిలబడ్డాడు.

"వచ్చే యేడాది కూడా సూడు మరి."

"డబ్బా నా దగ్గరే ఉంటాది."

"ఉంచుకోరా. నవ్వేవోళ్లని నవ్వనీ."

పరదేశి వంగి తరుణ్ ఎడమ బూటు చేతిలోకి తీసుకున్నాడు. అది చీలమండ దాకా తెల్లగా ఉంది.