పేజీ పేజీకీ సంతకం

తెలంగాణ వచ్చిన మూడో ఏడు జూన్‌లో నన్ను ఇబ్రహీంపట్నంలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. ఆర్డరు చివరన ఇంకో వాక్యం ఉంది: అక్కడి ఓపెన్ స్కూల్ కేంద్రానికి సమన్వయకర్తను కూడా నేనే. చదువు మధ్యలో ఆగిన పెద్దవాళ్ళు నేరుగా పదో తరగతి రాసుకునే పద్ధతి అది. తరగతులు ఆదివారాలే. మొదట్లో బాగా సణిగాను గానీ, పోను పోను వారంలో నాకు ఇష్టమైన రోజు ఆదివారమే అయింది.

అందుకు సగం కారణం అండాలమ్మ. మంచాల అనే ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా. మొదటి బస్సుకే దిగి, నేను రాకముందే బోర్డు తుడిచి పెట్టేది. “లెక్కలు నాకు రావు సారు. గని మీరు ఇడ్వకుర్రి, నేను ఇడ్వ” అని మొదటి రోజే చెప్పింది.

వాళ్ళ అంగన్‌వాడీలో టీచరు ఆ ఏడు దిగిపోతోంది. ఆ పోస్టు ఆయాకు రావాలంటే పది పాసై ఉండాలి, వయసు దాటకూడదు. అండాలమ్మకు అదే ఆఖరి అవకాశం. నాలుగు పేపర్లు అంతకుముందే గట్టెక్కింది. గణితం ఒక్కటే మిగిలింది.

పరీక్షకు నేను చీఫ్ సూపరింటెండెంటును, అంటే కేంద్రం బాధ్యత నాది. నన్ను కనిపెట్టుకుని ఉండడానికి బయటి బడి నుంచి ఒక డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు వస్తాడు. తొమ్మిదింటికి మొదలైంది. పదిన్నరకు గదులు తిరుగుతూ అండాలమ్మ బెంచీ దగ్గర ఆగాను. జవాబు పుస్తకంలో ఎనిమిది పేజీలు నిండాయి. ప్రతి పేజీ అడుగునా పొందికగా సంతకం.

రాసిందెవరో దిద్దేవాళ్ళకు తెలియకూడదని పేరున్న భాగం చించేసి కోడు వేస్తారు. లోపల ఎక్కడ పేరు కనిపించినా మాల్‌ప్రాక్టీసు కిందే లెక్క, పేపరు రద్దు.

ఎందుకు పెట్టావమ్మా అని మెల్లగా అడిగాను.

“మా మహిళా సంఘంల తీర్మానాల బుక్కుల పేజీ పేజీకి పెడ్త సారు. సంతకం లేకుంటే చెల్లది గద?”

తిట్టబోయి ఆగాను. తిట్టాల్సింది నన్ను. ఏడాది పొడుగునా త్రికోణమితి చెప్పాను గానీ ఈ ఒక్క ముక్క చెప్పలేదు. బడిపిల్లలు చిన్న తరగతుల నుంచీ వింటూనే ఉంటారు. ఈమె ఐదుతో బడి మానేసిన మనిషి.

ఆఫీసరు కేసు రాద్దామన్నాడు. పేపరు ఇంకా మన చేతికి ఇవ్వలేదు, పాడైన పుస్తకాన్ని రద్దు చేసి కొత్తది ఇద్దామన్నాను. పొరపాటు నాదని రాసిస్తానన్నాను. “మీ మీదికే వస్తది సార్” అన్నాడు. రానియ్ అన్నాను. అరగంట ఆ వాదనలోనే పోయింది.

“మల్ల మొత్తం రాయాల్నా సారు?”

“అవ్. టైము పెంచేది లేదు.”

ఆమె గాజులు పైకి తోసుకుని మొదలుపెట్టింది. పాత పుస్తకం చూసి రాసుకోనిద్దామని ఆ ఆఫీసరే అన్నాడు, అది ఆమె రాతే కదా అని. పన్నెండుకు బెల్లు కొట్టేసరికి రెండు లెక్కలు మిగిలిపోయాయి. వరండాలో కూలబడి ఏడ్చింది. టీ తెప్పించాను.

ముప్పై ఐదుకు పాసు. ముప్పై ఏడు వచ్చాయి. నాకో మెమో వచ్చింది, జరిగింది జరిగినట్టే జవాబు రాశాను, అక్కడితో ముగిసింది. అండాలమ్మ టీచరైంది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ప్రతి బ్యాచికీ మొదటి ఆదివారం పాఠం చెప్పలేదు. ఖాళీ జవాబు పుస్తకం చేతికిచ్చి, దీన్ని ఏమనుకుంటున్నారో చెప్పండి అని అడిగి, వాళ్ళు చెప్పేదంతా విన్నాను. పెద్దవాళ్ళు ఖాళీ బుర్రతో రారు. వాళ్ళకు ముందే తెలిసిందేమిటో కనుక్కోకుండా పాఠం మొదలుపెట్టడం మాస్టారి తప్పు, దాని నష్టం మాత్రం వాళ్ళకు.